గిన్నెలో ఏముంది, తినిపించేదెవరు?
అనంత కరువు మెట్టలో తల్లీబిడ్డల పోషణ: ఒక సమీక్ష

ఏప్రిల్ ఆఖరులో పుట్టిన బిడ్డకు అక్టోబరు ఆఖరుకు ఆరు నెలలు నిండుతాయి. తల్లిపాలతోనే సరిపెట్టే కాలం అక్కడితో అయిపోతుంది. ఇక మెత్తగా మెదిపిన పప్పన్నం, రాగి జావ, ఉడికించిన గుడ్డు ముక్క రోజుకు రెండు మూడు మార్లు ఓపిగ్గా తినిపించాలి. అనంతపురం మెట్ట పొలాల్లో సరిగ్గా అవే రోజులు చెనిక్కాయ (వేరుశనగ) పీకుడు. చెట్టు పీకడం, కాయ తెంపడం, ఎండేయడం, అన్నిటికీ ఆడవాళ్ల చేతులే కావాలి. తల్లి పొద్దున్నే చేనికి పోతుంది. బిడ్డ అవ్వ దగ్గరో, ఏడెనిమిదేళ్ల అక్క చంకలోనో, గట్టు మీద చెట్టుకు కట్టిన చీర ఊయల్లోనో ఉంటుంది.

తల్లీబిడ్డల పోషణ మీద మన దేశంలో డెబ్బై ఏళ్లుగా పెద్ద చర్చే సాగింది. మాంసకృత్తులా కాలరీలా, బియ్యమా రాగులా, వండిన భోజనమా ఇంటికిచ్చే సరుకులా, డబ్బా గుడ్డా, మాత్రా ఆకుకూరా అంటూ ఒక్కో తరం ఒక్కో వాదం నడిపింది. అందులో సత్యం ఉంది, సాధించినదీ ఉంది. అయితే చర్చలో ఎక్కువ భాగం గిన్నెలో ఏముండాలన్న దాని చుట్టూనే తిరిగింది. ఆ గిన్నె పట్టుకుని బిడ్డ ముందు కూర్చునే మనిషికి అంత తీరిక ఎక్కడిదన్న ప్రశ్న వెనకబడింది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ మెట్ట మీద నిలబడి చూస్తే ఆ లోటు మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

ఎంత పెడితే చాలు?

ఈ ప్రశ్న ఈ నేలకు కొత్తది కాదు. 1876-78 నాటి మహాక్షామంలో దత్తమండలాలు, అంటే రాయలసీమ, బళ్లారి ప్రాంతం, తీవ్రంగా దెబ్బతిన్నాయి. అప్పటికి అనంతపురం బళ్లారి జిల్లాలో భాగం. విడి జిల్లా అయింది 1882లో. కరువు పనులకు వచ్చే కూలీకి ఎంత తిండి గింజలు ఇవ్వాలన్నది అప్పటి వివాదం. 1877 జనవరిలో భారత ప్రభుత్వ ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించేందుకు మగ కూలీకి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం, దాని మీద కొద్దిపాటి డబ్బు ఇస్తే చాలన్నాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఒప్పుకోలేదు. కాయకష్టం చేసే ఒంటికి అది చాలదని లెక్కలతో వాదించాడు. చివరికి ఆ కూలి రేటును సడలించక తప్పలేదు. ఆకలి తీర్చడం వేరు, ఒంటిని నిలబెట్టడం వేరన్న తేడా ప్రభుత్వ కాగితాలకెక్కిన తొలి సందర్భాల్లో ఇదొకటి.

1952 కరువులో రాయలసీమ అంతటా గంజి కేంద్రాలు వెలిశాయి. అవి ప్రాణాలు నిలబెట్టాయి. కానీ కరువొచ్చినప్పుడు తెరిచి వాన పడగానే మూసేసే ఏర్పాటుతో పుట్టబోయే బిడ్డ బరువు పెరగదు. వాన కురిసిన ఏడాది కూడా గర్భిణికి తిండి చాలడం లేదని చెప్పడానికి మరో శాస్త్రం కావలసి వచ్చింది.

మాంసకృత్తుల నుంచి కాలరీలకు

ఆ శాస్త్రం చాలావరకు హైదరాబాద్‌లోనే తయారైంది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ మొదలుపెట్టిన చిన్న బెరిబెరి పరిశోధన కేంద్రం 1958లో హైదరాబాద్‌కు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకుంది. 1960 నుంచి 1974 దాకా దాన్ని నడిపిన డాక్టర్ సి.గోపాలన్ పేరు ఈ చర్చలో అడుగడుగునా వస్తుంది.

1950లలో ప్రపంచమంతా బిడ్డలకు మాంసకృత్తుల కొరతే అసలు జబ్బని నమ్మింది. పాలపొడి, సోయాపిండి, చేపల పిండి అంటూ పథకాలు నడిచాయి. గోపాలన్ బృందం దక్కను పల్లెల పిల్లలను గమనించి వేరే మాట చెప్పింది. ఒకే రకం తిండి తినే పిల్లల్లో ఒకరికి ఒళ్లు వాచే క్వాషియార్కర్ వస్తోంది, మరొకరు ఎముకల గూడవుతున్నారు. ఇంట్లో తినే అన్నం, సంగటి, పప్పు కడుపు నిండా తింటే మాంసకృత్తుల్లో చాలా భాగం వాటితోనే అందుతాయి. కొరత మొత్తం తిండిలోనే ఉందన్నది ఆ పరిశీలన సారాంశం. గణాంక శాస్త్రవేత్త పి.వి.సుఖాత్మే కూడా లెక్కలతో అదే వైపుకు వచ్చారు. 1974లో పోషకాహార పరిశోధకుడు డోనాల్డ్ మెక్‌లారెన్ లాన్సెట్ పత్రికలో మాంసకృత్తుల వెంట పడిన ఆ కాలాన్నంతా తప్పు దారిగా లెక్కగట్టారు.

ఈ మలుపు నుంచి పుట్టిన ఒక చిన్న వస్తువును దగ్గరగా చూడాలి. దాని పేరు హైదరాబాద్ మిక్స్. వేయించిన గోధుమలు 40 గ్రాములు, వేయించిన శనగపప్పు 16, వేరుశనగ 10, బెల్లం 20. మొత్తం 86 గ్రాముల పొడిలో 330 కాలరీలు, 11 గ్రాములకు పైగా మాంసకృత్తులు. అన్నీ పల్లె అంగట్లో దొరికేవే. పొయ్యి మీద వేయించి, దంచి, డబ్బాలో పోసుకుంటే కొన్నాళ్లు నిలవ ఉంటుంది. ఫ్యాక్టరీ అక్కర్లేని బలవర్ధకం అది. తర్వాత అంగన్‌వాడీల ద్వారా పంచిన బాలామృతం ప్యాకెట్టులో వేయించిన గోధుమ, శనగ, పాలపొడి, చక్కెర, నూనె కలిపారు. ఆలోచన ఒకటే. తయారీ మాత్రం ఇంటి రోలు నుంచి యంత్రం దగ్గరికి పోయింది.

అయితే మాంసకృత్తుల వాదం పూర్తిగా కొట్టుకుపోలేదు. కాలరీలు సరిపోయినా పాలు, గుడ్డు వంటి మేలురకం మాంసకృత్తులు, సూక్ష్మపోషకాలు లేకపోతే రెండేళ్లలోపు బిడ్డ ఎత్తు పెరగదన్న వాదన గత ఇరవై ఏళ్లలో మళ్లీ బలపడింది. లోలకం ఒక కొస నుంచి మరో కొసకు ఊగి, ఇప్పుడు నడిమిన ఎక్కడో ఆగింది.

గిడసబారిన ఒళ్లు, చిక్కుబడిన కొలతలు

1980ల తొలినాళ్లలో అమెరికన్ ఆర్థికవేత్త డేవిడ్ సెక్లర్ ఒక వాదన లేవదీశాడు. మరీ తీవ్రంగా కాకుండా ఓ మోస్తరుగా గిడసబారిన పిల్లలు తక్కువ తిండికి సర్దుకున్నవారేనని, వారిని రోగులుగా చూడనక్కర్లేదని. సుఖాత్మే తర్వాతి రోజుల్లో చెప్పిన మాటలు కూడా దీనికి దగ్గరగానే వచ్చాయి. గోపాలన్ దీన్ని గట్టిగా ఎదిరించారు. పేదరికానికి ఒళ్లు లొంగిపోవడాన్ని ఆరోగ్యమనడం శాస్త్రం కాదని ఆయన వాదం. ఆయన చెప్పిందే నిలబడిందని ఇప్పుడు నిస్సందేహంగా అనవచ్చు. చిన్నతనంలో కుంగిన ఎదుగుదల మెదడును, కూలి చేసే సత్తువను, ఆడపిల్లయితే రేపు ఆమె కనే బిడ్డ బరువును కూడా తగ్గిస్తుందని ఆ తర్వాతి పరిశోధనలు ఒకదాని వెంట ఒకటి చూపించాయి.

సెక్లర్ వాదం 2013లో మరో రూపంలో తిరిగొచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో తెచ్చిన ఎదుగుదల ప్రమాణాలు భారతీయ పిల్లలకు సరిపోవని, అందుకే మన లెక్కలు ఆఫ్రికా పేద దేశాల కంటే ఘోరంగా కనిపిస్తున్నాయని ఆర్థికవేత్త అరవింద్ పనగరియా రాశారు. ఆ ప్రమాణాలకు కొలిచిన ఆరు దేశాల పిల్లల్లో దక్షిణ ఢిల్లీ పిల్లలూ ఉన్నారని, తిండి, వైద్యం బాగా అందిన భారతీయ బిడ్డ ఎవరికీ తీసిపోకుండా పెరుగుతుందని ఎదుటి పక్షం జవాబు.

మన పిల్లలు ఆఫ్రికా పేద దేశాల పిల్లల కంటే ఎందుకు బక్కగా ఉన్నారన్న చిక్కుముడికి అంతకు ముందే ఒక సమాధానం వచ్చింది. శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1996లో మరో ఇద్దరితో కలిసి రాసిన వ్యాసం దాన్ని ‘ఆసియా చిక్కుముడి’ అని పిలిచింది. ఆయన వేలు చూపింది ఆడవాళ్ల స్థితి వైపు. గర్భంలో ఉండగానే బిడ్డ బరువు తగ్గుతోంది, ఎందుకంటే తల్లి తానే చాలీచాలని తిండితో పెరిగింది, తొందరగా పెళ్లయింది, ఇంట్లో అందరి తర్వాత తింటోంది. చిన్న వయసు పెళ్లి సంగతి ఇప్పటికీ పాతబడలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 29 మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది.

అదే సర్వేలో రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 31.2 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేరు. అంతకు ముందు, 2015-16లో ఆ సంఖ్య 31.4. మధ్యలో ఎన్నో పథకాలొచ్చాయి. కాన్పుల్లో 96.5 శాతం ఆసుపత్రుల్లోనే జరిగే స్థితికి రాష్ట్రం చేరింది. అది నిజంగా పెద్ద విజయం. బిడ్డ ఎత్తు మాత్రం దాదాపు కదల్లేదు.

రక్తహీనత లెక్క ఇంకా చిక్కుబడింది. ఈ సర్వే ప్రకారం రాష్ట్రంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం, ఐదేళ్లలోపు పిల్లల్లో 63.2 శాతం రక్తహీనులు. పిల్లల విషయంలో ముందు సర్వే కంటే ఇది పెరిగింది. కానీ ఆ పరీక్ష వేలి కొసన గుచ్చి తీసిన చుక్కతో చేసింది. 2016-18లో నరం నుంచి రక్తం తీసి చేసిన జాతీయ సర్వేలో దేశవ్యాప్తంగా 1-4 ఏళ్ల పిల్లల్లో 40.5 శాతమే తేలారు. వేలి చుక్క లెక్కల్లో దేశ సగటు 67 దాటింది. ఇంత తేడా రావడంతో పద్ధతి మీదే అనుమానం పుట్టింది. రక్తహీనత గీతే మన పిల్లలకు ఎక్కువ ఎత్తులో ఉందని మరికొందరు శాస్త్రవేత్తలన్నారు. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 6-23 నెలల పిల్లలకు ఆ గీతను డెసిలీటరుకు 11 గ్రాముల నుంచి 10.5కు దించింది. గీత దిగితే లెక్కలో రక్తహీనులు తగ్గుతారు. చీర ఊయల్లో పడుకున్న బిడ్డ రక్తంలో ఇనుము మాత్రం పెరగదు.

వండిన భోజనమా, సంచీ సరుకా, ఖాతాలో డబ్బా?

1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైంది. పాతికేళ్ల తర్వాత కూడా అది చాలా ఊళ్లకు చేరకపోతే ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోవలసి వచ్చింది. ప్రతి ఆవాసానికీ అంగన్‌వాడీ ఉండాలని 2001 నవంబరులో ఆదేశించింది. సరఫరాలో కాంట్రాక్టర్లు వద్దని 2004లో, అడిగిన ఊరికి మూడు నెలల్లో కేంద్రం ఇవ్వాలని 2006లో చెప్పింది. కదిరి, తనకల్లు వైపు సుగాలి తాండాలకు, ఊరికి దూరంగా విసిరేసినట్టుండే కాలనీలకు ఈ ఆదేశాల విలువ ఇంతా అంతా కాదు.

కేంద్రం వచ్చాక ఏం పెట్టాలన్నది తర్వాతి తగువు. ఉమ్మడి రాష్ట్రంలో పొదుపు సంఘాల ద్వారా గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ నడిపిన పోషకాహార కేంద్రాల్లో గర్భిణులు, బాలింతలు కూర్చుని తినేవారు. 2013లో ప్రభుత్వమే ‘అమృత హస్తం’ పేరుతో అంగన్‌వాడీలో పూటకు పూర్తి భోజనం పెట్టింది: అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు, భోజనం తర్వాత అక్కడే ఇనుము-ఫోలిక్ యాసిడ్ మాత్ర. తెలంగాణ 2015లో ఆరోగ్యలక్ష్మితో, కర్ణాటక 2017లో మాతృపూర్ణతో ఇదే దారి పట్టాయి. ఆంధ్రప్రదేశ్ 2020లో సంపూర్ణ పోషణ పేరుతో పథకాన్ని విస్తరించి, కోవిడ్ కాలం నుంచి ఇంటికి సరుకులిచ్చే పద్ధతికి అలవాటుపడి, 2023లో గర్భిణులు, బాలింతల విషయంలో దాన్నే ఖాయం చేసింది. ఆ కిట్టులో బియ్యం, కందిపప్పు, నూనె, గుడ్లు, పాలతో పాటు రాగిపిండి, అటుకులు, బెల్లం, పల్లీ చిక్కీ, ఖర్జూరం చేరాయి.

ఏది మేలు? వండి పెట్టే పక్షం మాట వినదగ్గది. సరుకు ఇంటికి వెళితే ఇంటిల్లిపాదికీ పంపకమవుతుంది; గుడ్డు మామకో మొగుడికో పోవచ్చు. కేంద్రంలో తింటే అది ఆమె కడుపులోకే పోతుంది, నలుగురు గర్భిణులు ఒక చోట కూర్చుంటే మాటామంచీ కూడా ఉంటుంది. సరుకుల పక్షానిదీ కాదనలేని మాటే. మధ్యాహ్నం పన్నెండింటికి అంగన్‌వాడీకి రావాలంటే ఆమె కూలి మానాలి. కులాల మధ్య దూరం ఉన్న ఊళ్లో ఒకచోట కూర్చుని తినడానికి కొందరు ఇష్టపడరు. అన్నిటికీ మించి, తొలి కాన్పుకు ఆడబిడ్డ ఏడో నెల నుంచీ పుట్టింట్లో ఉంటుంది, పేరేమో అత్తగారి ఊరి రిజిస్టరులో ఉంటుంది. గర్భంలో బిడ్డ బరువు పెరిగేది ప్రధానంగా ఆ ఆఖరి మూడు నెలల్లోనే. అంగన్‌వాడీ వివరాలు నమోదు చేసే పోషణ్ ట్రాకర్ యాప్ వచ్చాక ఊరు మార్చుకునే వీలు కల్పించారు. అదే యాప్‌లో 2025 నుంచి సరుకు తీసుకునేటప్పుడు ముఖం గుర్తింపు తప్పనిసరి చేశారు. సిగ్నల్ అందని గుట్టల ఊళ్లలో ఇది ఎంతమందిని వెనక్కి పంపుతుందో జాగ్రత్తగా చూడాలి.

మూడో పక్షం నగదు. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రతి గర్భిణికీ కనీసం 6,000 రూపాయలు హక్కుగా రాసింది. 2017లో వచ్చిన ప్రధానమంత్రి మాతృ వందన యోజన దాన్ని మొదటి కాన్పుకు 5,000కు కుదించింది. రెండో బిడ్డ ఆడపిల్లయితే 6,000 ఇచ్చే సవరణ 2022లో వచ్చింది. ఆర్థికవేత్త జాన్ డ్రెజ్ వంటివారు ఈ కుదింపును తప్పుపడుతూ వచ్చారు. 2024-25లో రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 300. ఆ లెక్కన 5,000 అంటే పదిహేడు రోజుల కూలి కూడా పూర్తిగా కాదు. అదే 2017లో చట్టం సవరించి, సంఘటిత రంగంలో పనిచేసే ఉద్యోగినికి జీతంతో కూడిన 26 వారాల సెలవిచ్చారు. ఇద్దరి ఒళ్లూ ఒకటే, ఇద్దరి బిడ్డలకూ అవే ఆరు నెలల తల్లిపాలు కావాలి. ఈ వ్యత్యాసాన్ని ఏ వాదంతోనూ సమర్థించలేం.

మూడింటినీ పక్కపక్కన పెడితే తేడాలు తెలుస్తాయి. తిండి తల్లికే చేరడంలో వండిన భోజనం ముందుంటుంది, కూలి పోవడంలోనూ అదే ముందుంటుంది. సరుకుల సంచీ సమయం మిగిలిస్తుంది కానీ పంపకంలో పలచబడుతుంది. డబ్బు ఒక్కటే ఆమెకు విశ్రాంతి కొనిపెట్టగలదు, అయితే ఇప్పుడిస్తున్నంతతో కాదు. పైగా మూడింటికీ పెట్టే ఖర్చు కూడా చిన్నదే. 2017లో కేంద్రం అంగన్‌వాడీ బిడ్డకు రోజుకు 8 రూపాయలు, గర్భిణికి తొమ్మిదిన్నర అని కట్టిన లెక్క ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది. కంది ధర, గుడ్డు ధర అలా ఆగలేదు.

ఈ పథకాలన్నీ మోసేది అంగన్‌వాడీ టీచరు, ఆయా. 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు రాష్ట్రమంతటా వారు సమ్మె చేశారు. ప్రభుత్వం అత్యవసర సేవల చట్టం ఎస్మాను ప్రయోగించింది. టీచరు గౌరవ వేతనం అప్పుడు 11,500. పోషణ మీద జరిగే చర్చలో వారి జీతం పక్క విషయంగా కనిపించవచ్చు. బరువు తూచి, వండి, యాప్ నింపి, ఇంటింటికీ తిరిగి తల్లికి చెప్పే మనిషి ఆమే కాబట్టి అది అసలు విషయంలో భాగమే.

సంగటి, బియ్యం, చెనిక్కాయ

రాయలసీమలో మరో వాదం బలంగా వినిపిస్తుంది. జబ్బు మొదలైంది పంట మారినప్పుడే అన్నది ఆ వాదం. ఒకప్పుడు కొర్ర, సజ్జ, జొన్న, రాగి, సాళ్ల మధ్య కంది, అలసంద, అనుము పండిన ఎర్ర నేలలు వేరుశనగ ఒక్కదానికే అంకితమయ్యాయి. చేతికి డబ్బొచ్చే పంట అది, వాన దగా చేస్తే డబ్బూ లేదు తిండీ లేదు. 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం ఆకలిని తరిమింది. సంగటి ముద్దను కూడా పక్కకు నెట్టింది. పోషకాల పట్టిక ఈ వాదానికి బలమిస్తుంది. వంద గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే పాలిష్ బియ్యంలో పది కూడా ఉండదు. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ చిరుధాన్యాలను రైతుల సహకార సంఘంతో తిరిగి నిలబెట్టే పనిలో ఉంది. ప్రభుత్వ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం వేసవిలోనే నవధాన్యాలు చల్లమంటోంది. 2023లో సీమ జిల్లాల చౌకదుకాణాల్లో బియ్యం బదులు రాగులిచ్చే ప్రయత్నమూ జరిగింది.

ఇందులో చాలా నిజముంది. అయినా పాత రోజులను మరీ బంగారంగా చూడకూడదు. జొన్నే ప్రధాన తిండిగా బతికిన దక్కను పేదల్లో పెల్లాగ్రా అనే పోషకలోప వ్యాధి కనిపించిందని గోపాలన్, శ్రీకంటయ్య 1960లో రాశారు. జొన్నలోని లూసిన్ అనే అమైనో ఆమ్లానికి దానితో సంబంధముందన్న వారి సిద్ధాంతం తర్వాత వివాదాస్పదమైనా, ఏ గింజైనా ఒంటరిగా చాలదన్న సంగతి మిగిలింది. పంట మారితే పళ్లెం దానంతటదే మారుతుందనీ చెప్పలేం. ఒడిశాలోని కెందుఝర్ జిల్లాలో సాగు-పోషణ వీడియోలతో చేసిన పెద్ద ప్రయోగం పిల్లలు తినే రకాలను పెంచింది కానీ వారి బక్కదనాన్ని తగ్గించలేకపోయింది. అనంతపురంలోనే చూస్తే, బోర్ల కింద చీనీ, దానిమ్మ, అరటి తోటలు విస్తరించాయి. 2020లో తాడిపత్రి నుంచి అరటి రైలెక్కి విదేశాలకు ఎగుమతికి పోయింది. తోటలో కూలికి పోయే తల్లి ఇంట్లో ఆ పండు ఉందా అన్నది వేరే లెక్క.

బియ్యాన్నే బలపరచాలన్నది దీనికి ఎదురు దారి. 2021 ఆగస్టు 15న ప్రకటించాక అంగన్‌వాడీ, బడి భోజనం, చౌకదుకాణం అన్నిటా ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపిన గింజలు వందకు ఒకటి చొప్పున బియ్యంలో కలుస్తూ వచ్చాయి. ఆ గింజలు కడిగేటప్పుడు కొన్ని తేలతాయి, రంగు కాస్త తేడాగా ఉంటుంది. ప్లాస్టిక్ బియ్యమని భయపడి ఏరి పారేసినవారు చాలా ఊళ్లలో ఉన్నారు. పెట్టే ముందు ఎవరైనా వచ్చి ఇది ఫలానా అని ఓపిగ్గా చెప్పి ఉంటే ఆ గింజ చెత్తలోకి పోయేది కాదు. తలసేమియా, సికిల్ సెల్ ఉన్నవారికి ఇనుము ఎక్కువ కావడం మంచిది కాదన్న వైద్యుల హెచ్చరిక మరో పక్క ఉంది. అందరికీ ఒకే మందు పోసే పద్ధతి మీద శాస్త్రవేత్తలు ఇప్పటికీ రెండు పక్షాలే.

చెనిక్కాయ సంగతి ప్రత్యేకం. తీవ్ర పోషణ లోపంతో చావుబతుకుల్లో ఉన్న పిల్లలను బతికించేందుకు ప్రపంచమంతటా వాడుతున్న ముద్ద తయారయ్యేది ప్రధానంగా వేరుశనగతోనే; దాన్ని 1996లో ఫ్రెంచి వైద్యుడు ఆంద్రే బ్రియాండ్ రూపొందించాడు. విదేశీ ప్యాకెట్ ఇంటి తిండిని, తల్లిపాలను వెనక్కి నెడుతుందన్న భయంతో మన దేశంలో దానికి గట్టి వ్యతిరేకత వచ్చింది, 2017లో కేంద్ర మంత్రిత్వ శాఖ రాష్ట్రాలను వారించింది కూడా. కానీ చెనిక్కాయ అది పండే నేలలోనే, సంఘాల చేతుల మీదుగా, బెల్లంతో పాటు బిడ్డ గిన్నెలోకి రావడానికి ఈ అభ్యంతరం అడ్డు కాదు. అడ్డు మరొకటుంది. వాన ఎగ్గొట్టి కాయ ఎండిన ఏడాది, తడిసి నిలవ చేసిన ఏడాది బూజు పట్టి అఫ్లాటాక్సిన్ చేరుతుంది. పిల్లల ఎదుగుదలను అది కుంగదీస్తుందన్న అనుమానం శాస్త్రంలో ఉంది. మంచి కాయ మార్కెట్టుకు, నాసి కాయ ఇంటికి అన్న అలవాటు ఉన్నచోట దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఆరు నెలల నుంచి రెండేళ్లు

ఇప్పుడు అక్టోబరుకు ఆరు నెలలు నిండిన ఆ బిడ్డ దగ్గరికి తిరిగి రావాలి. గర్భిణికి కిట్టు ఉంది, మూడేళ్లు నిండిన బిడ్డకు అంగన్‌వాడీలో వేడి భోజనం ఉంది. నడుమ ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా ఇంటికి ప్యాకెట్టే దిక్కు. ఎదుగుదల జారిపోయే వయసు ముఖ్యంగా ఇదే. దేశవ్యాప్తంగా 6-23 నెలల పిల్లల్లో నూటికి 11 మందికే సరిపడా తిండి అందుతోందని 2019-21 సర్వే చెప్పింది.

ఆ వయసు బిడ్డకు తిండి పెట్టడం ఎంత పనో జావ చూస్తే తెలుస్తుంది. మామూలు రాగిపిండి ఉడికితే చిక్కబడి ముద్దవుతుంది. మింగలేదని తల్లి నీళ్లు పోస్తుంది. బిడ్డ పొట్ట పిడికిలంత. నీళ్లతో నిండిపోతుంది, బలం చేరదు. రాగులు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, కొద్దిగా వేయించి విసిరితే మొలకలో పుట్టిన ఎంజైము పిండిపదార్థాన్ని విడగొడుతుంది. అప్పుడు రెట్టింపు పిండి వేసినా జావ పలచగానే జారుతుంది. ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడే ఫైటేట్లూ తగ్గుతాయి. అవ్వలకు తెలిసిన విద్యే ఇది. కాకపోతే నానబెట్టడానికి ఒక రాత్రి, మొలకకు ఒకటి రెండు రోజులు, ఎండకు ఒక రోజు, ఆ తర్వాత రోజుకు మూడు నాలుగు మార్లు బిడ్డ ముందు అరగంట కూర్చునే తీరిక, అన్నీ కావాలి.

నల్గొండ జిల్లాలో అరవై గ్రామాల్లో జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు తల్లులకు ఇంటింటికీ వెళ్లి ఏం పెట్టాలో, ఎలా బుజ్జగించి తినిపించాలో చెప్పించారు. బిడ్డల తిండి మెరుగుపడింది. ఆడిస్తూ తినిపించడం నేర్పిన ఊళ్లలో బుద్ధి వికాసమూ మెరుగైంది. హైదరాబాద్ చుట్టుపక్కల 1987-90 మధ్య గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం అందిన ఊళ్ల పిల్లలను కౌమారంలో మళ్లీ కొలిస్తే, అందని ఊళ్ల వారికంటే సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తున్నారు. మాటతోనూ ఫలితముంది, ముద్దతోనూ ఫలితముంది. మరుగుదొడ్లు, శుభ్రమైన నీరు ఒక్కటే ఎత్తు పెంచలేదని బంగ్లాదేశ్, కెన్యా, జింబాబ్వే ప్రయోగాలు చూపాయి. విరేచనాలతో బిడ్డ బరువు కోల్పోయే ఊళ్లలో అవి అవసరం కాదని ఎవరూ అనలేరు.

జార్ఖండ్, ఒడిశాల్లో మరో అడుగు వేశారు. మహిళా సంఘాల సమావేశాలు, ఇంటింటి సలహాలకు తోడు మూడేళ్లలోపు పిల్లలకు ఊళ్లోనే క్రెష్‌లు తెరిచారు. తల్లి పనికి పోయినంతసేపు బిడ్డ అక్కడే, రోజుకు కొన్ని మార్లు తిండి అక్కడే. ఆ ప్రాంతాల్లో తక్కువ బరువున్న పిల్లలు గణనీయంగా తగ్గారని 2019లో వెలువడిన అధ్యయనం చెప్పింది. ఛత్తీస్‌గఢ్‌లోని ఫుల్వారీ క్రెష్‌లదీ ఇదే తీరు. అనంతకు దగ్గరి బంధువు అనదగ్గ సమాధానం ఇదేనని ఈ సమీక్షకు తోస్తుంది. వాన మీద, కూలి మీద, బెంగళూరు వలస మీద బతికే ఇంట్లో తల్లిని పని మానమని చెప్పడం కుదరదు. తినిపించే మనిషినే ఊరు ఏర్పాటు చేయాలి.

దీనికి చట్టంలో చోటు ఇవ్వలేదా అంటే, ఇచ్చారు. 2006 ఫిబ్రవరి 2న దేశంలో ఉపాధి హామీ పథకం మొదలైంది ఈ మెట్టలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియాగాంధీ వచ్చి ప్రారంభించారు. ఆ 2005 చట్టంలోనే ఒక నిబంధన రాశారు: పని దగ్గరికి వచ్చే తల్లుల వెంట ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు, అంతకు మించి ఉంటే, వారిని చూసుకోవడానికి ఒక మహిళను నియమించి ఆమెకు కూలి ఇవ్వాలి. మస్టర్ల మీద, కూలి బకాయిల మీద సోషల్ ఆడిట్లలో జరిగినంత రచ్చ ఈ వాక్యం మీద ఎన్నడూ జరగలేదు.

తేలవలసినవి ఇంకా ఉన్నాయి. అలాంటి క్రెష్‌ను నడపాల్సింది అంగన్‌వాడీయా, పొదుపు సంఘమా? ఉపాధి పని లేని నెలల్లో, ప్రైవేటు చేలల్లో పీకుడు జోరుగా సాగే అక్టోబరు, నవంబరుల్లో దాని ఖర్చు ఎవరిది? బెంగళూరు కట్టడాల దగ్గర పాకల్లో ఉండే అనంత బిడ్డ ఏ రాష్ట్రం లెక్కలోకి వస్తుంది? ఒక్కో క్రెష్‌లో ఎంతమంది పిల్లలకు ఒక మనిషి చాలు, ఆమెకు పది గుడ్లు, రెండు కిలోల మొలకెత్తిన రాగిపిండి, ఒక తక్కెడ ఇస్తే వారంలో ఎంత బరువు మారుతుంది? ఈ ఆఖరి ప్రశ్నకు జవాబు కోసం కమిటీలు అక్కర్లేదు. నార్పల, కనగానపల్లి, కుందుర్పి వంటి మండలాల్లో ఒక్క కాయ పీకుడు కాలం పాటు నడిపి తూచి చూడవచ్చు.